మేం తవ్విన ఉప్పుబావి

సముద్రపు అల మీద నిలబడి ఒడ్డుకు వచ్చిన మనిషి మా ఆత్మకూరు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. ఈ మాట టీ కొట్టు దగ్గర చెప్పాను, చర్చి మెట్ల మీద చెప్పాను, పెన్షనర్ల సమావేశంలో మైకు లాక్కుని మరీ చెప్పాను. మొదట్లో ఆ అల నా ఎత్తు ఉండేది. ఈమధ్య తాటిచెట్టంత అయింది.

నిజానికి నిలబడలేదు. బోర్లా పడుకుని వచ్చాను. వచ్చిన దూరం మా వసారా పొడవును మించదు. లుంగీని అల పట్టుకుపోయింది. ఈ అబద్ధాన్ని ఇన్నేళ్లు మేపడానికి కారణం, దాని వెనక ఇంకొకటి దాక్కుని ఉండటం. నేను అలతో ఆడుకుంటున్న ఆ పొద్దునే, ఒడ్డున ఒక పాళెం జనం తాగే నీళ్లు నా మూలంగా ఉప్పుబారాయి. అల కథ చెప్తే జనం నవ్వి ఊరుకుంటారు, నీళ్ల సంగతి అడగరు. ఎనభై దగ్గర పడుతున్నాను. అడగకపోయినా ఇప్పుడు చెప్తాను.

పందొమ్మిది వందల తొంభైల మధ్యలో మాట. నేను ఆత్మకూరు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ని. పుట్టింది ఉదయగిరి. వేసవి సెలవులు ఇచ్చిన వారానికి ఆస్ట్రేలియా నుంచి ఒక యువకుడు మా చర్చి అయ్యగారి పేర ఉత్తరం పట్టుకుని దిగాడు. వాళ్ల తాతగారి చెల్లెలు ఎప్పుడో ఉదయగిరిలో మిషను నర్సుగా పనిచేసిందట, ఆమె ఉన్న ఇల్లు చూడాలట. అది అతని పనిలో సగం. రెండో సగం అతని భుజం మీద ఉంది. మనిషికన్నా పొడుగైన తెల్లటి పలక, దుప్పటి చుట్టి తాడుతో కట్టింది. దాని మీద అలలు ఎక్కుతాడు. సముద్రం ఉన్న దేశాలన్నీ అలాగే తిరుగుతున్నాడు. పొద్దున అలలు, ఎండెక్కాక ఆ ఊరివాళ్లకు ఏదో ఒక పని చేసిపెట్టడం.

జిల్లాలో నా అంత ఇంగ్లీషు ఇంకెవరికీ రాదు గనక అయ్యగారు నన్నే పిలిపించి అతన్ని అప్పజెప్పారు. సరే, మా స్కూల్లో రెండో ఇంగ్లీషు అయివారు అప్పుడు అత్తగారింటికి మర్రిపాడు పోయి ఉన్నాడు. అది కూడా ఒక కారణం.

ఆత్మకూరు బస్టాండులో పలకను ఉదయగిరి బస్సు పైకి ఎక్కిస్తుంటే కండక్టరు కిందనుంచి అరిచాడు.

"ఏంది అయివోరా అది? శవప్పెట్టె మూతా?"

"విమానం రెక్క," అన్నాను.

"రెక్కయితే ఎగరమను. నా బస్సు మీదెందుకు ఎక్కిస్తుండారు?"

బస్సులో ఉన్నవాళ్లంతా దిగి వచ్చి దాన్ని ఒకసారి తట్టి చూసి మళ్లీ ఎక్కారు. బస్సు అరగంట ఆలస్యం.

ఉదయగిరిలో ఆ నర్సమ్మ ఇల్లు గోడల దాకానే మిగిలి ఉంది. లోపల కంపచెట్లు. అతను టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత సముద్రం ఎటు అని అడిగాడు. నేను తూర్పు చూపించి, సముద్రం నాకు పెరడులాంటిదని చెప్పాను. అప్పటికి నేను సముద్రాన్ని చూసింది రెండుసార్లు. ఈత రాదు.

ఆ ఏడాదే మా చర్చి తీరం మీద ఒక పని ఒప్పుకుంది. అంతకు ముందు కార్తీకంలో తుఫాను వచ్చి కావలికి తూర్పున చేపలు పట్టేవాళ్ల పాళెం ఒకదాన్ని ముంచేసింది. ఇళ్లు మళ్లీ లేచాయి గానీ తాగే నీళ్లు లేవలేదు. ఉప్పునీళ్లు కమ్మి వాళ్ల గుంటలన్నీ పాడైతే ఒక్కటే తీపిది మిగిలింది. వాళ్లకు బావి తవ్విపెట్టాలని మావాళ్లు అనుకున్నారు. ఉదయగిరి కొండ కింద బావులు తవ్వే మేస్త్రి, అతని ఇద్దరు తమ్ముళ్లు కూలి లేకుండా వస్తామన్నారు. సిమెంటు వరలు, నీళ్లు తోడే ఆయిల్ ఇంజను వింజమూరు నుంచి లారీలో వచ్చాయి. పలక యువకుడు తానూ వస్తానన్నాడు. ఆ పనికి పెద్దగా నన్ను పెట్టారు. నేను వద్దనలేదు. పెద్దరికం మీద ఎంత ఇష్టమో ఆ పలక మీద అంతకన్నా ఎక్కువ ఇష్టం పుట్టింది నాకు.

పాళెంలో నలభై గడపలుంటాయి. ఉన్న ఒక్క తీపి గుంటను వాళ్లు దొరువు అంటారు. ఇసకలో నడుము లోతు తవ్విన వెడల్పాటి గుంట, అంతే. దిగడానికి ఒకవైపు ఏటవాలు. అడుగున నీళ్లు మోకాటి లోతు కూడా లేవు. దాని మీద అధికారమంతా ఒక విధవరాలిది. యాభై దాటి ఉంటుంది. అందరూ ఆమెను పెద్దమ్మ అనేవాళ్లు. ఆమె తెల్లవారి ముందుగా రుచి చూసి ఊ అంటేనే మిగతా ఆడవాళ్లు బిందెలతో దిగాలి. బక్కెట్టు దించకూడదు. కొబ్బరిచిప్పతో పైపైన ముంచుకోవాలి.

"ఇట్టా చిప్పతో నింపితే ఒక్క బిందెకు ఎంతసేపు పడతాది?" అని మేస్త్రి నవ్వాడు.

"పైన తీపి, కింద ఉప్పు. గీరుకోవాల గానీ తోడకూడదు," అంది పెద్దమ్మ. "నీకు తెలవదులే, నువ్వు కొండోడివి."

దొరువుకు ఇరవై బారల దూరంలో చోటు చూసి మొదలుపెట్టాం. ఇసక గనక సాయంత్రానికి ఛాతీ లోతు దిగాం. నీళ్లు పడ్డాయి. నేను నోట్లో పోసుకున్నాను, తియ్యటి నీళ్లు. పాళెం ఆడవాళ్లు గుంట చుట్టూ చేరి నవ్వారు. పెద్దమ్మ రుచి చూసి చెంగుతో మూతి తుడుచుకుంది.

"చాలు. ఇక్కడ ఆపండి. వరలు దించేయండి."

మేస్త్రి ముఖం మాడింది. "ఇది నీళ్లా తల్లీ? దీన్ని మా ఊళ్లో చెమట అంటాం. అసలు జల కింద ఉంటాది. ఈ పైనీళ్లు ఇంజనుతో లాగేస్తే అప్పుడు కనపడతాది."

అతను చెప్పింది మా వైపు నిజమే. ఉదయగిరి దగ్గర మొదటి తడిని నమ్మి ఆగినవాడు మాఘమాసానికి ఎండిన బావి చూసుకుని ఏడుస్తాడు. తోడాలి, దిగాలి, రాయి పగలగొట్టాలి, మళ్లీ తోడాలి. మా నాయన కాలం నుంచి అదే పద్ధతి. తీరంలో మొదటి తడే మొత్తం ఆస్తి అని, దాని కింద ఉన్నదంతా సముద్రమేనని, పైది లాగేస్తే పక్కనున్న దొరువులోకీ అదే ఎక్కుతుందని మాకెవరికీ తలకెక్కలేదు. ఆమె చెప్తూనే ఉంది.

"ఆపమంటే ఆపతా, దిగమంటే దిగతా," అన్నాడు మేస్త్రి నావైపు తిరిగి. "నువ్వు చెప్పు అయివోరా."

పొద్దున చెప్తానన్నాను.

పొద్దున నేను పలక పట్టుకుని నీళ్లవైపు నడుస్తున్నాను. ఆరోజు నాకు అల ఎక్కడం నేర్పుతానని పలక యువకుడు మాటిచ్చాడు. మేస్త్రి వెనకనుంచి పరిగెత్తుకొచ్చి మళ్లీ అడిగాడు. నేను ఆగలేదు, వెనక్కి తిరగను కూడా లేదు.

"దిగండి," అన్నాను.

బావి విషయంలో నా ఆలోచన మొత్తం అంతే.

నడుము లోతు నీళ్లలో ఆ యువకుడు పలక పట్టుకుంటే నేను దాని మీద బోర్లా పడుకున్నాను. భయంతో పళ్లు కరుచుకుపోయాయి. మంచి అల కోసం చూడాలన్నాడు. చూస్తున్నాం. ఒడ్డున ఇంజను డుబుడుబుమంటూ ఉంది. ఒకటి వచ్చింది, పడిపోయాను. ఇంకోటి వచ్చింది, పడిపోయాను. అప్పుడు పెద్దమ్మ ఇసకలో పరిగెత్తుకుంటూ నీళ్ల అంచుకు వచ్చింది. చేతిలో చిప్ప ఉంది. రెండు చేతులూ ఎత్తి అరిచింది.

"అయివోరా! ఇంజను ఆపమను! దొరువు రుచి మారతా ఉండాది! ఆపమను!"

గాలి మావైపే ఉంది. ఒక్కొక్క మాట స్పష్టంగా వినపడింది.

ఏమంటోందని అతను అడిగాడు.

గట్టిగా పట్టుకోమని నాకు చెప్తోంది అన్నాను.

అతను నవ్వి ఆమెకు చెయ్యూపాడు. నేనూ ఊపాను. ఆమె మళ్లీ అరిచింది. మేస్త్రి నా మాట తప్ప ఆమె మాట వినడని నాకు తెలుసు. ఇంకొక్క అల అనుకున్నాను. అది నన్ను పట్టించుకోకుండా వెళ్లిపోయింది. ఇంకొక్కటి. ఆ తర్వాత వచ్చిందే నేను లోకానికి చెప్పే అల. అది నన్ను ఎత్తి, వసారా పొడవు మోసి, లుంగీ లేకుండా ఇసక మీద దించింది. నేను గావుకేక పెట్టి నవ్వాను. తల ఎత్తితే పెద్దమ్మ లేదు.

ఎంతసేపు పట్టిందో చెప్పలేను. చాలాకాలం అయిదు నిమిషాలని నాకు నేను చెప్పుకున్నాను. గంటకు తక్కువ కాదు.

తువ్వాలు చుట్టుకుని వెళ్లేసరికి ఇంజను ఆగిపోయి ఉంది. మేస్త్రి గుంటలోంచి పైకి వచ్చి కూర్చున్నాడు. రెండు నిలువుల లోతు దిగారు. నీళ్లు బాగా ఊరాయి, అతను అనుకున్నట్టే. ఒక దోసెడు నాకిచ్చాడు. నోట్లో పెట్టుకుని ఉమ్మేశాను.

"దొరువు?" అన్నాను.

అతను గడ్డంతో అటు చూపించాడు. దొరువు దగ్గర ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు. పెద్దమ్మ చిప్పతో ముంచి నా ముఖం ముందు పెట్టింది. అదీ ఉప్పే.

వానలు రావాలంటే ఇంకా అయిదు నెలలు. ఎవరూ కేకలు వెయ్యలేదు. వేసి ఉంటే నాకు బాగుండేది. ఒకామె చంకలో పిల్లను సర్దుకుని, "ఇప్పుడేం తాగిచ్చేది?" అంది, నన్ను కాదు, పక్కనున్నామెను.

పెద్దకాపు వచ్చాడు. పాళేనికి ఆయనే పెద్ద, ఆయన నోటి మాటే కట్టుబాటు. దాన్ని దురాయి అంటారు. దురాయి పెట్టాక పాళెంలో ఎవరూ దాటరు. ఆయన దొరువు చుట్టూ ఒకసారి తిరిగి, పొద్దున్నుంచీ ఏం జరిగిందో పెద్దమ్మ దగ్గర విని, నావైపు వేలు చూపించాడు.

"ఈరోజు నుంచి బిందె నింపేదానికి దొరువులో చిప్ప దించకూడదు. దురాయి. చెడగొట్టినోడే రోజూ పొద్దున్నే ముందుగా తాగి రుచి చెప్పాల. తాగొచ్చని నువ్వెప్పుడు చెప్తే అప్పుడు తీస్తాం. నీ మాట మీద పిల్లకాయలు తాగతారు. తెలిసిందా?"

"ఎన్ని రోజులు?"

"అది నీళ్లను అడుగు."

నేను తిండి మానేసి ఏడ్చానని ఇంటికి వెళ్లాక మా ఆవిడకు చెప్పాను. ఏడవలేదు, తిన్నాను కూడా. అయితే ముద్ద గొంతు దిగడానికి మంచినీళ్లు అడగాల్సి వచ్చినప్పుడల్లా తల ఎత్తలేకపోయాను.

ఆ మధ్యాహ్నమే గుంట పూడ్చడం మొదలుపెట్టాం. మేస్త్రి తట్టలు మోస్తూ ఒక్కటే అన్నాడు. "నా చేత్తో తవ్విన బావిని నా చేత్తో పూడ్చడం ఇదే మొదలు అయివోరా." నేను దిగమన్నానన్న మాట అతను ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

నీళ్లు రెండు మైళ్ల అవతల వేరే ఊరి చేలల్లో బావి నుంచి మోయాలి. మెత్తటి ఇసకలో బండి దిగబడుతుంది. ఆడవాళ్లు తలమీద రెండేసి బిందెలతో నడిచారు. పలక యువకుడు వాళ్లను చూశాడు, తన పలకను చూశాడు. దాన్ని దుప్పటిలోంచి తీసి, నాలుగు ప్లాస్టిక్ బిందెలు వరసగా పెట్టి తాళ్లతో బిగించాడు. ముందు కొస అతని భుజం మీద, వెనక కొస నా భుజం మీద. అలలు ఎక్కే పలక నీళ్ల పల్లకీ అయింది. ఆరోజు నుంచి అతను సముద్రంలోకి దిగలేదు.

రెండో రోజు అనుకుంటాను, ఎండ నెత్తి మీద ఉంది. సగం దారిలో అతను వెనక్కి తిరక్కుండా అడిగాడు. ఆవేళ ఒడ్డున ఆమె అరిచింది ఏమిటి?

నాకు కనపడుతున్నది అతని మెడ, కారుతున్న చెమట. అబద్ధాలు నాలుగు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి చాలా బాగుంది కూడా, గాలి ఎదురు కొట్టి వినపడలేదని. నోరు తెరిచాను. భుజం మీద బిందెల్లో నీళ్లు తొణుకుతున్నాయి.

"ఇంజను ఆపమంది," అన్నాను ఇంగ్లీషులో. "నాకు వినపడింది."

అతను నడుస్తూనే ఉన్నాడు. నడక ఆగలేదు, వేగం మారలేదు. నేను అడుగు తడబడితే పలక ఒరిగింది. అతను మోకాళ్లు వంచి దాన్ని నిలబెట్టాడు. పాళెం చేరాం. బిందెలు దించాక చేతులు దులుపుకుని, మళ్లీ వెళ్దామా అన్నాడు, అంతే. నన్ను తిట్టాడని, నేనూ తిరిగి తిట్టానని తర్వాత చాలామందికి చెప్పాను. అదీ కల్పనే.

ఇక పొద్దుటి రుచి. మొదటి రోజు ఉమ్మేశాను. రెండో రోజు ఉమ్మేశాను. నేను ఉమ్మాక పెద్దమ్మ తన చిప్పతో ముంచి తానూ చూసేది. నా మాట సరిపోదు ఆమెకు. మూడో రోజు నాకు ఇల్లు గుర్తొచ్చింది. ఆత్మకూరులో మా ఆవిడ వండే పప్పు గుర్తొచ్చింది.

"తగ్గింది. తాగొచ్చు," అన్నాను.

ఆమె ముంచుకుని తాగి, ఆ నీళ్లను నా పాదాల మీద ఉమ్మింది.

"పసిబిడ్డ తాగతాదా ఇది?"

"పెద్దవాళ్లు తాగొచ్చు అని."

"అట్టా చెప్పాల మరి. అట్టా చెప్పినావా?"

వెనక నిలబడిన ఆడవాళ్లు ఖాళీ బిందెలు తిప్పుకుని వెళ్లిపోయారు. వాళ్లలో పిల్లను చంకనెత్తుకున్నామె నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్లలో ఉంది. నా మాట వింటే ఆ పిల్ల నోట్లో పడేది ఆ నీళ్లే.

ఆ తర్వాత నేను నాలుక మీద నీళ్లు పెట్టుకుని కళ్లు మూసుకునేవాణ్ని. యాభై ఏళ్ల వయసులో మొదటిసారి ఒకదాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం నేర్చుకుంటున్నాను. "నిన్నటికన్నా తక్కువ ఉప్పు. అయినా వద్దు." "నిన్నటిమాదిరే ఉండాది." ఒకరోజు, "నిన్నటికన్నా ఎక్కువ," అన్నాను. పెద్దమ్మ తాగి తలాడించింది. ఆ పూట మేస్త్రి తమ్ముడు కొండవైపు వెళ్లే లారీ దొరికిందని, వెళ్లిపోదామా అని అడిగాడు. మేస్త్రి అతన్ని కసిరాడు. ఆ మధ్యాహ్నం మూడో విడత నీళ్లు మోస్తుంటే పలక నడిమధ్య పటుక్కుమంది. పూర్తిగా విరగలేదు, పగులు వారింది. అలకు ఇక పనికిరాదు. అతను దాని మీద చెయ్యి పెట్టి చూసి, పగులు మీద తాడు ఇంకో చుట్టు చుట్టి ఎత్తుకున్నాడు.

పదకొండో పొద్దున నేను దొరువులోకి దిగాను. పైన అందరూ ఉన్నారు. పెద్దకాపు వల భుజాన వేసుకుని నిలబడ్డాడు. పైపైన గీరి చిప్పతో తీసుకున్నాను. నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు ఉంది. ముందు నాలుక చివర తెలియదు, మింగాక గొంతులో తెలుస్తుంది. మింగాను. మళ్లీ తీసుకున్నాను. ఇంటికి పోవాలన్న కోరిక నా చేత చెప్పిస్తోందా, నాలుక చెప్తోందా అని మూడోసారి కూడా తాగాను.

"ఉప్పు ఉండాది," అన్నాను. "కొంచెం. గొంతులో. పెద్దోళ్లు తాగొచ్చు, అన్నం వండుకోవచ్చు. పసిబిడ్డలకు ఇంకో నాలుగురోజులు ఆ చేల నీళ్లే మోసుకొద్దాం. నేను మోస్తా."

పెద్దమ్మ ఏటవాలుగా దిగి వచ్చింది. నా చేతిలో చిప్ప తీసుకుంది. ముంచింది. నోటికి ఎత్తుకుంటుందని చూశాను. ఎత్తుకోలేదు. రుచి చూడకుండానే ఆ చిప్పను వెనకనున్న ఆడమనిషి బిందెలో వంచింది.

"పెద్దమ్మా, నువ్వు చూడవా?" అన్నాను.

"చెప్పినావు గదా," అంది. ఇంకో చిప్ప ముంచింది.

పైనుంచి పెద్దకాపు దురాయి తీసినట్టు కేకేశాడు. ఆడవాళ్లు వరసగా దిగారు. నేను పక్కకు తప్పుకుని ఇసకలో నిలబడ్డాను. బిందె తర్వాత బిందె నిండుతుంటే ఒక్కొక్కరి ముఖం చూశాను, ఎవరైనా ఉమ్ముతారేమోనని. ఎవరూ ఉమ్మలేదు. ఒక ముసలవ్వ అక్కడే దోసిలి పట్టి తాగి, మూతి ముడిచి, మళ్లీ తాగింది.

ఆ మధ్యాహ్నం కావలి పోయే లారీలో మేస్త్రి, తమ్ముళ్లు ఎక్కారు. నన్నూ రమ్మన్నారు. నేను, పలక యువకుడు ఉండిపోయాం. నాలుగురోజులు పసిబిడ్డల నీళ్లు మోశాం. ప్రతి పొద్దునా, ఎవరూ అడక్కపోయినా, అందరికన్నా ముందు దొరువులోకి దిగి ఒక చిప్ప తాగాను.